చేతికి అందిన ఊరు

ఆమెకు గుండీలక్క అన్న పేరు యాభై దాటాక వచ్చింది. అంతకుముందు వీధిలోవాళ్లు డబ్బాలావిడ అనేవాళ్లు, పనిచేసేచోట ఆయా అనేవాళ్లు, మొగుడు ఏమే అనేవాడు. ఆ కొత్త పేరు ఎలా వచ్చిందో చెప్పడమే మన పని కనుక, మొదటినుంచీ ఆ పేరుతోనే పిలుచుకుందాం.

తండ్రి దర్జీ. ఒకటే గది, సగం కుట్టుమిషనుకు, సగం కాపురానికి. పిల్ల మారాం చేస్తే చేతిలో పెట్టడానికి బొమ్మలు లేవు. పాత బట్టలనుంచి తెంపిన గుండీల డబ్బా ఒకటి ఉండేది. అది ముందు పెడితే చాలు, పూటంతా కిక్కురుమనేది కాదు. మొదట్లో పెద్దవి ఒక పక్కకు, చిన్నవి ఒక పక్కకు తీసేది. తరవాత రెండు చిల్లులవీ నాలుగు చిల్లులవీ వేరుచేసేది. ఆరేళ్లు వచ్చేసరికి గచ్చుమీద గుండీలతో ఒక పిల్లిని పేర్చింది. తల్లి నీళ్లబిందెతో లోపలికి వస్తూ ఆ పిల్లిమీద కాలేసి జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"నీ పిల్లి నన్ను చంపేదే! గోడకెక్కిస్తావో అటకెక్కిస్తావో నీ ఇష్టం, నా కాళ్లకింద మాత్రం పెట్టకు" అని కేకలేసింది.

పిల్ల ఆ మాటను తిట్టుగా తీసుకోలేదు, సలహాగా తీసుకుంది. మైదా ఉడకబెట్టి జిగురు చేసి, పాత క్యాలెండరు అట్టమీద పిల్లిని అంటించి నిజంగానే గోడకెక్కించింది.

పెళ్లయినా ఆ అలవాటు పోలేదు. మొగుడు సైకిళ్ల మెకానిక్కు. కాపురానికి వచ్చిన నెలలోనే ఆ ఇంట్లో డబ్బాలు మొలిచాయి. సీసా మూతలు ఒకదాంట్లో, తెగిన జిప్పులు ఒకదాంట్లో, విరిగిన దువ్వెనలు, టిచ్ బటన్లు, చెప్పుల అడుగు ముక్కలు, కొబ్బరిపీచు తాడు చివరలు, ఎందుకు దాచిందో తనకే తెలియని గొడుగు ఊచలు. మంచంకింద డబ్బాలు, బియ్యం పీపా వెనక డబ్బాలు. చూడటానికి వచ్చిన ఆడపడుచు నడుంమీద చెయ్యి పెట్టుకుని, "మా వదిన ఏదీ పారెయ్యదు. మా అన్నయ్యను కూడా అందుకే ఉంచుకుంది" అంది. ఇల్లంతా నవ్వింది. గుండీలక్క అందరికంటే గట్టిగా నవ్వింది.

మొగుడు పైకి సణిగేవాడు గానీ, కొట్టుమూసి వచ్చేటప్పుడు అరిగిపోయిన బేరింగు గుండ్లను కిరసనాయిలుతో తుడిచి జేబులో వేసుకొచ్చేవాడు. "ఇవిగో, నీ మేతకు" అని బల్లమీద పోసేవాడు.

ఆదివారాలు, సెలవు రోజులు, వంటకూ గిన్నెలకూ మధ్య దొరికిన అరగంటలు, అన్నీ ఆ అట్టలమీదే పోయేవి. ఆమె అంటించేవి పూలూ నెమళ్లూ కావు. కుళాయి దగ్గర వరసపెట్టిన బిందెలు, మొగుడి కొట్టు, వానలో తడుస్తున్న బస్సు. ఎవరికైనా చూపిస్తే "బాగుందే" అనేవాళ్లు. ఆ మాట పూర్తి కాకముందే చూపు ఇంకెటో వెళ్లిపోయేది. కొన్నాళ్లకు చూపించడం మానేసింది. చేసినవి చేసినట్టు పరుపుకింద చెక్కలమీద పరిచేది. మొగుడు మాత్రం, "ఈ ఊళ్లో బస్సుమీద పడుకుని నిద్రపోయేవాణ్ణి నేనొక్కణ్ణే" అని జోకులేసేవాడు.

ఆమె ఉద్యోగం చూపులేనివాళ్ల శిక్షణ కేంద్రంలో. ఒకప్పటి గోదాము అది. కింద పని గదులు, పైన పడకలు. పెద్దవయసులో చూపు పోయినవాళ్లు ఇరవైముగ్గురు అక్కడ ఉండి కుర్చీలు అల్లడం, కవర్లు చేయడం, చుక్కల లిపి చదవడం నేర్చుకునేవాళ్లు. ఊడవడం, వడ్డించడం గుండీలక్క పని. వాటితోపాటు బుధవారం పూట తాడు పట్టడం.

ఆ తాడు సంగతి కాస్త చెప్పాలి. బారెడు బారెడుకూ ఒక ముడి వేసిన పొడుగాటి తాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క ముడి పట్టుకోవాలి. ముందు కొస గుండీలక్క చేతిలో ఉంటుంది. అలా వరసగా బజారుదాకా వెళ్లి, మలుపు తిరిగి, వెనక్కి రావడమే వారానికొక షికారు. రెండేళ్లకిందట, ఎవరో మూత తీసేసిన మ్యాన్‌హోలును ఆమె చూసి పక్కకు తప్పించింది గానీ, తాడు చివరనున్న పెద్దమనిషి మలుపులో వెడల్పుగా తిరిగి అందులో పడ్డాడు. కాలు విరిగింది. ఆ మర్నాడే సూపరింటెండెంటు గేటు పుస్తకంలో ఎర్రసిరాతో రాశాడు: తోడు లేనిదే ఎవరూ గేటు దాటరాదు. అంతకుముందు చేతికర్ర పట్టుకుని వీధి చివరిదాకా సొంతంగా వెళ్లొచ్చే నలుగురైదుగురు కూడా ఆ రోజునుంచి ఆగిపోయారు.

తాడు బజారులోకి రాగానే జనం రెండుగా చీలి దారిచ్చేవాళ్లు. ఎవరో ఒకరు తప్పకుండా "పాపం" అనేవాళ్లు. ఆ మాట వినగానే మూడో ముడి దగ్గర ఒక ఈసడింపు వినిపించేది. అది డ్రైవరుగారిది.

డ్రైవరుగారు ముప్ఫై ఏళ్లు లారీ తోలిన మనిషి. మూడేళ్లలో చూపు కొంచెం కొంచెంగా పోయి, చివరికి పగలూ రాత్రీ ఒకటైపోయాయి. "ముప్ఫై ఏళ్లు నేను పది టన్నులు లాగాను చెల్లెమ్మా. ఇప్పుడు తాడు నన్ను లాగుతోంది" అనేవాడు గుండీలక్కతో. ఆ తాడు కొస తన చేతిలోనే ఉండేది కాబట్టి ఆమె అడుగు నెమ్మది చేసేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక, సగంలో ఉన్న అట్ట ఒకటి ముగిద్దామని సంచిలో తెచ్చుకుని వరండా బెంచీమీద కూర్చుంది. తన ఇల్లూ, ఎదురుగా ఉన్న మెట్లూ, పక్కింటి గోడా అంటించిన బొమ్మ. లోపలినుంచి ఎవరో మంచినీళ్లు అడిగితే అట్ట బెంచీమీద పెట్టి వెళ్లింది. తిరిగొచ్చేసరికి డ్రైవరుగారు ఆ బెంచీమీదే కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, రెండు చేతుల వేళ్లతో దానిమీద మెల్లగా నడుస్తున్నాడు.

"అయ్యో అన్నయ్యా, జిగురు ఆరలేదు" అందామె.

"ఉండమ్మా." ఆయన తల ఎత్తలేదు. "ఇవి మెట్లు. దువ్వెన పళ్లు పెట్టావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇది తలుపు. తెరిచి ఉంది, అవునా? ఇక్కడ గోడ. మరి ఈ గుండ్రటిదేంటి, నీళ్ల తొట్టా?"

"సైకిలు చక్రం. మా ఆయన అక్కడ ఆనించి పెడతాడు."

"ఓహో, చక్రం! గాలి తక్కువుందే" అని నవ్వాడాయన. నిజమే. చక్రం కింద ట్యూబు ముక్కను ఆమె కొంచెం చదునుగానే అంటించింది. ఆ సంగతి ఇంతవరకూ ఒక్కరూ గమనించలేదు.

పావుగంట. డ్రైవరుగారు ఆ అట్టను వదల్లేదు. గుండీలక్క నీళ్లచెంబు చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. నలభై ఏళ్లుగా చేస్తున్న పనిని ఒక మనిషి ఇంతసేపు చూడటం అదే మొదటిసారి.

"చెల్లెమ్మా, మీ ఇంట్లోకి ఇప్పుడు నేను ఒక్కణ్ణే రాగలను" అన్నాడాయన అట్ట తిరిగి ఇస్తూ. "మరి నేనుంటున్న ఈ కొంపే నాకు సరిగ్గా తెలీదు. దీన్ని చెయ్యలేవా?"

చెయ్యగలనో లేదో ఆమెకు తెలియదు. "చూస్తా అన్నయ్యా" అంది. నెల తిరిగేసరికి కేంద్రం కింది అంతస్తు ఒక అట్టమీద, పై అంతస్తు ఒక అట్టమీద తయారయ్యాయి. అవి చేతులు మారుతున్నకొద్దీ భవనమంతా గోలగోల. కుర్చీలల్లే ఆయనొకడు తన మంచం ఆనుకుని ఉన్న గోడకు అవతల ఏముందో వేలితో చూసి నోరు తెరిచాడు. "ఈ గోడ వెనకే నీళ్ల మోటారా? నాలుగేళ్లుగా ఎక్కడో వీధి అవతల మోగుతోందనుకుంటున్నానే!"

ఆ రోజే డ్రైవరుగారు మెట్లమీద కూర్చుని, అందరూ వినేట్టు అన్నాడు: "గుండీలక్కా! ఇక ఊరు చెయ్యి." పేరు అలా పడింది. ఆయనకంటే ఆమె చిన్నదే అయినా, ఆ రోజునుంచి అందరికీ అక్కే.

ఊరు చేయడానికి రెండు నెలలు పట్టింది. చేతికొచ్చిన డబ్బాలన్నీ విప్పింది. కొట్టుకొక సీసా మూత, ఇంటికొక గుండీ, చెట్టుకొక పీచుముక్క, కరెంటు స్తంభాలకు గొడుగు ఊచల ముక్కలు, బోర్డులున్నచోట బోర్డులు కూడా. కంటికి చూస్తే ఊరు ఊరంతా దిగినట్టే ఉంది. మొగుడు కూడా మొదటిసారి సణగలేదు. కేంద్రానికి తెచ్చి, టెలిఫోనమ్మ ముందు పెట్టింది.

టెలిఫోనమ్మ ఒకప్పుడు ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి, ముప్ఫై అయిదేళ్లుంటాయి. చుక్కల లిపి అందరికంటే వేగంగా చదువుతుంది. వేళ్లు అట్టమీద పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ముఖం చిట్లించింది.

"ఏమనుకోకు అక్కా. ఇది చేతికి గోలగా ఉంది."

"గోలేంటి?"

"ఒకేసారి పదిమంది మాట్లాడుతున్నట్టు. ఏది దారో, ఏది ఇల్లో, ఏది ఊరికే పెట్టావో తెలీట్లేదు. బోర్డులెందుకక్కా మాకు? నేను బోర్డు చదువుతానా?"

డ్రైవరుగారు కూడా చెయ్యి వేసి పెదవి విరిచాడు. "ఈ మలుపు చూడు. ఇంత ఇరుకా? ఇక్కడ నా లారీ తిరిగేది. నువ్వు పెట్టినచోట తోపుడు బండి కూడా తిరగదు."

గుండీలక్క ఇంటికి వెళ్లి అట్టను గోడకానించి, దాని ఎదురుగా చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు గానీ, అన్నం సహించలేదు. మొగుడు చూసి చూసి, "పోనీ మానెయ్యవే" అన్నాడు.

"మానేస్తే వాళ్లు మళ్లీ తాడు పట్టుకోవాలి." అట్టను గోడవైపు తిప్పి అంది: "నేను కళ్లతో చేశానండీ. అదే తప్పు."

తరవాతి ఆదివారం పొద్దున్నే తువ్వాలు మడిచి కళ్లకు గట్టిగా కట్టుకుని, చేతికర్ర పట్టుకుని బయల్దేరింది. పక్కన మొగుణ్ణి నడవమంది; గోతిలో పడబోతే తప్ప ముట్టుకోవద్దంది. ఆయన సిగ్గుతో సగమైపోయాడు. "నీ నగలేవో కాజేసి నీ కళ్లకు గంతలు కట్టాననుకుంటారే జనం!" అంటూనే పక్కన నడిచాడు. మొదటి ఆదివారం కాలి బొటనవేలు చితికింది. రెండో ఆదివారం కూరగాయల తట్టలో కాలు పెట్టి, అమ్మే ఆవిడతో చీవాట్లు తింది. మూడో ఆదివారానికి ఊరు వినబడటం మొదలైంది.

బేకరీ వాసన మలుపుకు పది అడుగుల ముందే వస్తుంది. మురుగుకాలవమీది రేకు మూత తొక్కితే టకామంటుంది. అక్కణ్ణుంచి ఎడమకు తిరిగితే పోస్టాఫీసు. పిండిమర పక్కనుంచి పోతే పాదాలకింద కంపనం తెలుస్తుంది. బజారు కొంచెం పల్లంలో ఉంది. ఆ సంగతి కళ్లున్నప్పుడు యాభై ఏళ్లలో ఒక్కసారీ తెలియలేదు. అడుగులు లెక్కపెట్టింది. మొగుడు అంకెలు అగ్గిపెట్టె అట్టలమీద రాశాడు.

ఆ తరవాత పని కొత్తగా మొదలైంది. ఒక్కోదానికీ ఒక్కటే గుర్తు. బండ్లు పోయే రోడ్డంటే గరుకు కాగితం. నడిచే దారంటే నున్నటి రిబ్బను. రోడ్డు దాటే చోట జిప్పు ముక్క. మెట్లకు దువ్వెన పళ్లు. చప్పుడయ్యే గుర్తుకు టిచ్ బటను, వాసన వచ్చేచోట చిన్న నూలు ఉండ. సందులకు కొబ్బరిపీచు తాడు. కొట్లకు సీసా మూతలు. మిగతాదంతా ఖాళీ. ఖాళీగా వదలడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది. అంటించడం నేర్చిన చేతికి అంటించకపోవడం అలవాటు కావాలి కదా.

మొగుడు పాత సామాన్ల కొట్టునుంచి ఒక చెక్క బీరువా తలుపు తెచ్చాడు. అట్ట చాలదు కనుక ఊరు ఆ తలుపుమీద కూర్చుంది. ప్రతి వీధికీ డ్రైవరుగారు సాక్షి. వంపులు, వెడల్పులు ఆయన బుర్రలో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పడలేదు.

"పిండిమర వెనక సందు తీసెయ్. అదొక దారేనా? లారీ పట్టదు" అన్నాడాయన.

"మనం లారీలం కాదు కదా అన్నయ్యా."

ఆయన ఆ సందుమీద వేలు ఒకసారి నడిపించి, "అదీ నిజమే. ఉంచు" అన్నాడు అయిష్టంగా.

అన్నీ కలిపి ఏడు నెలలు. ఈసారి టెలిఫోనమ్మ వేళ్లు తలుపుమీద ఆ చివరినుంచి ఈ చివరికి ఆగకుండా వెళ్లాయి. పూర్తయ్యాక ఆమె గుండీలక్క రెండు చేతులూ పట్టుకుని, ఆ వేళ్లను తడిమి చూసింది.

సూపరింటెండెంటుకు విషయం తెలిసి గదినుంచి బయటికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. అప్పటి మ్యాన్‌హోలు ప్రమాదంతో బెదిరిపోయిన మనిషి, అంతే. తలుపు చుట్టూ తిరిగి చూసి, "అబ్బ! ఎంత బాగా చేశావమ్మా! దీన్ని ఇక్కడ పెట్టకూడదు" అన్నాడు. మర్నాడు గుండీలక్క పనికొచ్చేసరికి తలుపు లేదు. వచ్చిపోయే పెద్దలు కూర్చునే హాల్లో, గోడకు ఎత్తుగా, చుట్టూ చట్రం, ముందు గాజుపలక. కింద టెలిఫోనమ్మ నిలబడి చేతులు పైకి చాపింది. వేళ్లు నున్నటి గాజుకు తగిలి ఆగిపోయాయి.

గుండీలక్క పదహారేళ్లుగా సూపరింటెండెంటు గదిలోకి టీ ఇవ్వడానికీ, ఊడవడానికీ తప్ప వెళ్లలేదు. ఆ రోజు చీపురు గోడకానించి లోపలికి వెళ్లింది.

"సార్, ఆ గాజు తీయించాలండీ."

"దుమ్ము పడుతుందమ్మా. నీ పని పాడైపోదూ?"

"పాడవ్వాలండీ. చేతులు పడి పడి అరిగిపోవాలి. అరిగితే మళ్లీ అంటిస్తా. గాజుకు చూపించడానికి చేసింది కాదండీ అది."

"సరే, తీయిస్తాను. చదువుకోమను."

"చదివితే చాలదండీ. నడవాలి."

సూపరింటెండెంటు కళ్లజోడు తీశాడు. "ఎవరికైనా ఏమైనా అయితే? నువ్వు మర్చిపోయావా?"

"నేనెలా మర్చిపోతానండీ? ఆ రోజు తాడు నా చేతిలోనే ఉంది." ఆమె బల్లకు ఇంకో అడుగు దగ్గరగా వచ్చింది. "పడింది తాడు పట్టుకున్నాయనండీ. అంతకుముందు సొంతంగా వెళ్లొచ్చినవాళ్లు ఒక్కరూ పడలేదు. మరి మనం తాడు ఉంచి, వాళ్లను ఆపేశాం."

ఆయన బల్లమీది కాగితాలు సర్దాడు, మళ్లీ చెదరగొట్టాడు. చివరికి అన్నాడు: "ఒక్కరు. ఒక్కసారి. నేనూ వెనకాల వస్తా."

ఆ ఒక్కరు ఎవరో అడగక్కర్లేదు. ఎక్కడికి వెళ్తారని అడిగితే డ్రైవరుగారు, "మంగలి కొట్టుకు" అన్నాడు. మంగలి వారానికోసారి కేంద్రానికే వచ్చి అందరికీ వరసగా గడ్డాలు గీసి పోతాడు. "వరసలో కూర్చుని గీయించుకున్నది చాలు. కొట్టుకెళ్లి కుర్చీలో కూర్చుని, నాలుగు కబుర్లు విని, నచ్చినట్టు గీయించుకోవాలి." మూడు వారాలు పొద్దునా సాయంత్రం ఆ తలుపు ముందే ఉన్నాడు. గడ్డం మాత్రం గీయించుకోలేదు.

శుక్రవారం పొద్దున పది గంటలకు గేటు తీశారు. డ్రైవరుగారు ఉతికిన చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని బయటికి అడుగు పెట్టాడు. నలభై అడుగులు వెనక సూపరింటెండెంటు, గుండీలక్క. ఏం జరిగినా నోరెత్తకూడదని ఒప్పందం.

బేకరీ దగ్గర ఆయన ముక్కు ఎగబీల్చి, కుడికి తిరిగాడు. రేకు మూత టకామంది. రోడ్డు దాటేచోట ఆగి, రెండు వైపులా విని, ఒక బస్సు పోనిచ్చి, నిదానంగా దాటాడు. సూపరింటెండెంటు చేతిరుమాలు తడిసిపోయింది. గుండీలక్క మాత్రం అడుగులు లెక్కపెడుతోంది. మూడువందల పది, మూడువందల పదకొండు.

అప్పుడు కనిపించింది. పోస్టాఫీసు దాటాక నడిచే దారినంతా అడ్డంగా తవ్వేశారు. పొద్దున్నే మొదలుపెట్టినట్టున్నారు, మట్టి ఇంకా తడిగా ఉంది. ఏడు నెలలు కష్టపడి అంటించిన ఊళ్లో ఆ గొయ్యి లేదు.

"ఆగు, ఆగు!" అని కూలీలు అరిచారు. గుండీలక్క పరుగెత్తబోయింది. అంతదాకా వణికిన సూపరింటెండెంటే ఆమె ముందు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒప్పందం" అన్నాడు గుసగుసగా.

డ్రైవరుగారు ఆగాడు. ఒక కూలీ వచ్చి రెక్క పట్టుకోబోయాడు. "రా తాతా, దాటిస్తా."

"వద్దు నాయనా. ఎంతవరకు తవ్వారు?"

"మూలదాకా."

డ్రైవరుగారు నిలబడ్డాడు. కర్ర చంకలో పెట్టుకుని, కుడిచెయ్యి చొక్కామీద, గుండెల దగ్గర పెట్టుకున్నాడు. వేళ్లు కదిలాయి. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, గుండీలక్కకు తప్ప. ఆ వేళ్లు ఎక్కడున్నాయో ఆమెకు తెలుస్తోంది. ఇప్పుడు పోస్టాఫీసు. ఇప్పుడు వెనక్కి, రిబ్బనుమీద. టిచ్ బటను. ఇప్పుడు ఎడమకు, కొబ్బరిపీచు తాడుమీదికి. తాడు వెంట చివరిదాకా. ఆ వేలు ఆగింది.

ఆయన వెనక్కి తిరిగాడు. ముప్ఫైరెండు అడుగులు నడిచి, పిండిమర కంపనం పాదాలకు తగలగానే ఎడమకు మళ్లాడు. లారీ పట్టని ఆ సందులోకి, గోడకు కర్ర తాటిస్తూ, ఆగకుండా వెళ్లాడు. సందు అవతల బజారు. పల్లం. ఏడో సీసా మూత. తలుపు.

వెనకాల వస్తున్న గుండీలక్కకు అడుగుల లెక్క ఎప్పుడో తప్పిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా దాదాపు పరుగెత్తుతోంది.

మంగలి కత్తెర ఆపి గుమ్మంవైపు చూశాడు. "ఏంటి డ్రైవరుగారూ! మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదయ్యా. గడ్డం ఒక్కటే వచ్చింది. దీని సంగతి చూడు."

కొట్టంతా గొల్లుమంది. ఎవరో లేచి కుర్చీ ఇవ్వబోతే, "నా వంతు రానీ" అని బల్లమీద కూర్చుని, పక్కవాడితో డీజిలు ధర గురించి వాదన పెట్టుకున్నాడు. వంతు వచ్చాక కుర్చీలో వెనక్కి వాలి, ముఖానికి నురుగు పూయించుకుని, "మీసం ముట్టుకోకు" అన్నాడు దర్జాగా.

సూపరింటెండెంటు చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. "నాక్కూడా" అన్నాడు గడ్డం తడుముకుంటూ.

ఆ గొంతు విని డ్రైవరుగారు నురుగులోంచే అడిగాడు: "సార్, మీరు తోడు లేకుండానే వచ్చారా?"

సూపరింటెండెంటు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లజోడు తీసి, తుడుచుకున్నది అద్దాలనో కళ్లనో మంగలికి కూడా తెలియలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ గుండీలక్కను లోపలికి పిలిచి, "కూర్చోమ్మా. నిలబడాల్సింది నువ్వు కాదు" అన్నాడు.

ఆ సాయంత్రమే గేటు పుస్తకంలో ఎర్రసిరా వాక్యంమీద అడ్డంగా గీత పడింది. కింద ఆయనే నల్లసిరాతో రాశాడు: పటం చదివినవారు తమ ఇష్టప్రకారం వెళ్లిరావచ్చు. తలుపును హాల్లోంచి తెచ్చి, వరండాలో నడుమెత్తున బల్లమీద పరిచారు. నెలాఖరుకు పదకొండుమంది సొంతంగా వెళ్లొస్తున్నారు. కుర్చీలల్లే ఆయన పోస్టాఫీసుకు వెళ్లి, చెల్లెలికి తానే రాయించిన ఉత్తరం తన చేత్తో డబ్బాలో వేశాడు. టెలిఫోనమ్మ బట్టల కొట్టుకు వెళ్లి, పదహారు తానులు తడిమి, కొట్టువాడికి చెమటలు పట్టించి, చివరికి ఏదీ నచ్చలేదని వచ్చేసింది. ఆమె తిరిగొచ్చి ఆ మాట చెప్పినప్పుడు వరండాలో చప్పట్లు మోగాయి. బజారులో "పాపం" అనే మాట తగ్గింది. అడ్డంగా సైకిలు ఆపినవాళ్లను కొట్లవాళ్లే కసరడం మొదలుపెట్టారు.

బుధవారం తాడును ఏం చేయాలని ఎవరో అడిగితే గుండీలక్క దాన్ని విప్పి, ముడులు తీసి, పెరట్లో బట్టలారేయడానికి కట్టింది.

తరవాత ఇంకా జరిగాయి. పై ఆఫీసువాళ్లు వచ్చి చూశారు. మిగతా కేంద్రాల్లోనూ ఇలాంటివి కావాలన్నారు. ఆస్పత్రికి ఒకటి, రైలు స్టేషనుకు ఒకటి చేయమని కబురొచ్చింది. సంచుల్లో గుండీలు తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోయేవాళ్లు ఎక్కువయ్యారు. ఆయా ఉద్యోగం ఊడవడంనుంచి అంటించడానికి మారింది. ఒక గది ఇచ్చారు, బల్ల ఇచ్చారు, వడ్రంగులు వాడే తెల్లజిగురు డబ్బాలకు డబ్బాలు ఇచ్చారు. నేర్చుకోవడానికి ఊరూరినుంచీ మనుషులు వచ్చేవాళ్లు. వాళ్లకు ఆమె మొదటిరోజు జిగురూ ఇచ్చేది కాదు, గుండీలూ ఇచ్చేది కాదు. ఒక తువ్వాలు ఇచ్చి, కళ్లకు కట్టుకుని బజారుదాకా వెళ్లిరమ్మనేది.

ఒకరోజు సాయంత్రం టెలిఫోనమ్మ రావలసిన వేళకు రాలేదు. అరగంట, ముప్పావుగంట. సూపరింటెండెంటు గేటు దగ్గర పచార్లు మొదలుపెట్టాడు. గుండీలక్క కత్తెర కింద పెట్టి బయటికి రాబోతుండగా కర్ర చప్పుడు వినిపించింది. టెలిఫోనమ్మ జుట్టు చెదిరి ఉంది, చెప్పులనిండా దుమ్ము. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఎక్కడికెళ్లావే? తప్పిపోయావా?"

"తప్పిపోలేదక్కా, కావాలనే వెళ్లా. పోస్టాఫీసు వెనక నీ తలుపు అంచు వస్తుంది కదా. ఇవాళ ఆ అంచు దాటి వెళ్లా!"

మెట్లమీద కూర్చున్న డ్రైవరుగారు లేచి నిలబడ్డాడు. "అటా? అటు నేనే ఎప్పుడూ పోలేదే! ఏముంది అక్కడ?"

"ఒక వంతెన ఉంది బాబాయ్. చిన్నది. చెక్కలది. కింద నీళ్లు కాదు, రైలు పట్టాలు. పైకి ఎక్కడానికి పదిహేడు మెట్లు, దిగడానికి పద్దెనిమిది. అవతల ఎవరో వేణువు వాయించడం నేర్చుకుంటున్నారు, ఇంకా రాలేదు పాపం. ఆ ఇంటి పక్కనుంచి రెండు దారులున్నాయి. ఒకదాంట్లోకి వెళ్లా, రెండోది రేపు చూస్తా."

గుండీలక్క ముక్కుమీదికి కళ్లజోడు లాక్కుని, అగ్గిపెట్టె అట్ట ఒకటి వెతికి పెన్సిలు తీసింది.

"మొదటినుంచీ చెప్పవే. పోస్టాఫీసు వెనకనుంచి వంతెనదాకా ఎన్ని అడుగులు?"

"నూట తొంభై నాలుగు."

"నీ అడుగులా, డ్రైవరన్నయ్య అడుగులా?"

"నావే అక్కా. రాసుకో."